ఇంకో చుట్టు

నా చిన్నప్పుడు నాకు బొత్తిగా గిట్టని మనిషి ఒక్కడే, మా బావ. మా అక్కని పెళ్ళి చేసుకుని పరవాడ తీసుకుపోయాడు. పోనీ అక్కడే ఉంటాడా అంటే, ఆదివారం వస్తే చాలు ఇద్దరూ అనకాపల్లిలో మా ఇంట్లో దిగేవారు.

అప్పటిదాకా అక్క నాది. నా చొక్కాకి గుండీలు కుట్టేది, నిద్రపట్టేదాకా నాతో కబుర్లు చెప్పేది. ఆయన వచ్చాక ఇంట్లో మంచి కుర్చీ ఆయనది. కోడికూరలో కాలు ముక్క ఆయనది. చర్చి నుంచి వచ్చేటప్పుడు అక్క పక్కన నడిచేదీ ఆయనే. నాకంటూ మిగిలింది ఒక్కటే, పైపు.

మేడ మీద ట్యాంకు నుంచి పాత ఇనప పైపు దిగేది. వంటింట్లోకి వెళ్ళే ప్లాస్టిక్ పైపుని దానికి తొడిగి వదిలేశారు. రెండూ కలిసే చోట ఎప్పుడూ కారేది. సైకిల్ ట్యూబు ముక్కని సాగదీసి అక్కడ చుట్టి కట్టడం నా పని. నాన్న కడితే గంటలో వదులయ్యేది, నేను కడితే వారం ఆగేది. అక్క ఆ సంగతి వీధంతా చెప్పుకుని మురిసిపోయేది.

ఆ కట్టు ఓసారి బావ కంటపడింది. ఇలా కుదరదు, మరలున్న జాయింటు వెయ్యాలి అన్నాడు. పై ఆదివారం జాయింటూ, తెల్ల టేపూ, రెంచీ సంచిలో పెట్టుకుని మరీ వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ పోయింది, కాలు ముక్క పోయింది, ఇప్పుడు పైపు కూడానా!

"కొత్తల్లుడిని పైపులు బిగించమంతారేటి? ఈదిలో సూసినోల్లు ఏటనుకుంతారు!" అని అమ్మ నాన్న మీద లబలబలాడింది. బావ వింటేనా? నాన్న లుంగీ అడిగి కట్టుకుని, ట్యాంకు నీళ్ళు ఆపి, నా కట్టు కోసి అవతల పారేశాడు. ఇనప పైపు మరల మీద టేపు చుట్టి, ప్లాస్టిక్ జాయింటుని చేత్తో బిగించాడు. నేను మెట్ల మీద కూర్చుని, అది పాడైపోవాలని దేవుణ్ణి వేడుకున్నాను. పొద్దున చర్చిలో కూడా అంత శ్రద్ధగా ప్రార్థన చెయ్యలేదు.

గుమ్మంలోంచి అక్క నవ్వింది. "మా తమ్ముడు కడితే వారం ఆగీది. మీదెన్నాల్లు ఆగుతాదో సూత్తాను."

బావ నవ్వలేదు. రెంచీ అందుకుని ఓ చుట్టు తిప్పాడు. ఇంకో చుట్టు తిప్పాడు. టప్‌మని జాయింటు నిలువునా పగిలింది.

నాకు పండగే. ఆదివారం కదా, దుకాణాలన్నీ మూత. వంటింట్లో చుక్క నీళ్ళు లేవు. బావ కాసేపు తల గోక్కుని, పారేసిన ట్యూబు ముక్కని తనే వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను కడుతుంటే పైపులు కదలకుండా పట్టుకున్నాడు. అక్క లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించాడు.

"సేత్తో బిగిస్తే సరిపోయీది బామ్మర్దీ. ఆ పైన రెంచీతో తిప్పితే ప్లాస్టిక్కు తట్టుకోదు. నాకు తెలీక కాదు. మీ అక్క లెగిస్తే నీ మాటే. మా తమ్ముడు అలాగ, మా తమ్ముడు ఇలాగ. నిన్ను సూస్తే కుళ్ళొచ్చీసింది. ఆ కుళ్ళుతోనే తిప్పీసేను."

నన్ను చూసి కుళ్ళా? అంతా ఆయనదే అయ్యుండి! నవ్వొచ్చింది. దాంతోపాటు ఆయన మీద ఎందుకో జాలి కూడా వేసింది.

మళ్ళీ ఆదివారం కొత్త జాయింటు తెచ్చి, బిగించమని నాకే ఇచ్చాడు. "సాల్లే" అని బావ అన్న చోట ఆపేశాను. ఆ తర్వాత అక్కడ చుక్క కారలేదు.

ఇప్పుడు నేనూ ఒకడికి బావనే. మా ఆవిడ తన తమ్ముడి ముచ్చట్లు మొదలెడితే నాకు మండుతుంది, బాగానే మండుతుంది. ఏదో ఒక మాట అనేసి ఇంకో చుట్టు బిగించాలనిపిస్తుంది. అనను. వాడు ఇంటికొస్తే కాలు ముక్క తీసి వాడి పళ్ళెంలో వేస్తాను. పాపం, నన్ను చూస్తే వాడికెంత మండుతోందో!