రాళ్లు లేని బొమ్మ

2022 వేసవి. తిరుపతిలో అలిపిరి వైపు వెళ్లే దారిలో ఒక పరిశోధన కేంద్రం, అందులో మొదటి అంతస్తులో మా గది. కిటికీలకు నల్లటి తెరలు. లోపల చలి, బయట నిప్పులు చెరిగే ఎండ. శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజున మా వీధివాళ్లు మేడలెక్కి పొగచార చూసి, కిందికి దిగుతూ నన్ను అభినందిస్తారు. ఆ రాకెట్‌కూ నాకూ సంబంధం లేదని కొన్నాళ్లు చెప్పాను. తరువాత చెప్పడం మానేశాను. నేను గ్రహాల నేలను చదివేవాణ్ణి. అంతరిక్ష నౌకలు పంపే ఫొటోలు చూసి ఆ నేల ఎలా పుట్టింది, ఎంత పాతది, దాని మీద కాలు మోపవచ్చా అన్నది చెప్పడం నా వృత్తి.

ఆ ఏడాది మాకు వచ్చిన పని చంద్రుడి మీద దిగబోయే ఒక చిన్న లాండర్‌ది. ఎవరి లాండరో రాయను. మాట ఇచ్చాను, మా ఇంట్లో మిగిలిన ఆస్తి మాట ఒక్కటే. అది దిగే చోటికి హజార్డ్ మ్యాప్ తయారు చేయాలి. అంటే ప్రమాదాల పటం. ఎక్కడ గుంత, ఎక్కడ వాలు, ఎక్కడ రాయి అన్నీ అందులో ఉండాలి. లాండర్‌కు నాలుగు కాళ్లు. వాటిలో ఒకటి పెద్ద రాయి మీద పడితే అది పక్కకు ఒరుగుతుంది. ఒరిగినదాన్ని లేవనెత్తడానికి అక్కడ ఎవరూ ఉండరు.

పైన తిరిగే ఆర్బిటర్ కెమెరా తీసిన ఫొటోల్లో ఒక్కో పిక్సెల్, అంటే బొమ్మలోని అతి చిన్న చుక్క, నేల మీద ఒక నులకమంచం పట్టేంత చోటు. అంత చిన్న బొమ్మలో రాయి రాయిలా కనబడదు. పొద్దు వాలినప్పుడు తీసిన ఫొటోలో ఒక తెల్ల చుక్క, దాని పక్కన ఒక నల్ల చుక్క, అంతే. తెలుపు ఎండ తగిలిన ముఖం, నలుపు నీడ. మా చదువంతా ఆ రెండు చుక్కల మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ ఫొటోలను శుభ్రం చేసి మాకు ఇచ్చేది ఎస్తేరు రాణి. ఇమేజ్ ప్రాసెసింగ్ బృందానికి పెద్ద. ఆమెది బంగారుపాళ్యం పక్కన మా ఊరికి ఆనుకుని ఉన్న పల్లె. మావాళ్లు పాళెగాళ్లు. అక్కడి మామిడితోటలు మావిగా ఉన్న కాలంలో ఆమె తాత వాటికి కాపలా. ఒకరోజు మా తాత పదిమందిలో అతన్ని దొంగ అని ఒక మాట అన్నాడు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. ఆ కుటుంబం తోట విడిచి వెళ్లిపోయింది. తరువాతి కాలంలో తోటలే మమ్మల్ని విడిచిపోయాయి. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఏళ్ల తరబడి ఒకే వరండాలో నడిచినా ఇద్దరం దాన్ని ఎత్తలేదు.

అంతరిక్షంలోంచి వచ్చే కణాలు కెమెరా సెన్సర్‌ను తాకినప్పుడు ఫొటోలో దొంగ చుక్కలు పడతాయి. వాటిని నాయిస్ అంటాం. ఈ కెమెరాలో అవి మరీ ఎక్కువ. ఎస్తేరు రాసిన ఫిల్టర్, అంటే చుక్కలను ఏరే ప్రోగ్రామ్, వాటన్నిటినీ తీసేసింది. ఫొటోలు అద్దంలా వచ్చాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. వాటిని బట్టి దిగే చోటు ఖాయమైంది. పటాన్ని లాండర్ కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఒక్కటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఆ చోటును ఊరికే మరొకసారి చూస్తున్నాను. దానికి దగ్గర్లోనే ఒక బిలం, చుట్టూ తెల్లటి చారలతో. చారలు చెరగలేదంటే అది కొత్త బిలం. ఉల్క పడి నేల పగిలినప్పుడు లోపలి బండలు ముక్కలై చుట్టూ చిందుతాయి. అవి పొడి కావడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ బిలం చుట్టూ మాత్రం ఒక్క రాయి కూడా లేదు. పెళ్లి జరుగుతున్న ఇంటి గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత కూడా కనబడకపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది నాకు.

శుభ్రం చేయకముందటి ఫొటోలు తెరిచాను. వాటి నిండా చుక్కలే. ఏది రాయో ఏది దొంగ చుక్కో తేల్చడం నా ఒక్కడి వల్ల కాదు. సెన్సర్ గుణం తెలిసిన మనిషి కావాలి. అనుమానం నిజమైతే లాండర్ రాళ్ల గుట్టలోకి దిగబోతోంది. అబద్ధమైతే ఒక మనిషి పనికి నా నోటితో మచ్చ పెట్టినవాణ్ణవుతాను. రెండోసారి, అదే కుటుంబానికి. నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లడం సులువు. ఆయన తలుపు దాకా వెళ్లాను కూడా. తలుపు మీద చెయ్యి వేయలేక వెనక్కి తిరిగి ఎస్తేరు గదికి వెళ్లాను.

నన్ను చూసి ఆమె నవ్వింది. "ఏమి నాయుడుగారూ, మొగం అట్లుండాది? కొండమింద లడ్డు అయిపోయిందా?"

నేను కూర్చోకుండానే బిలం చూపించాను. రాళ్లు ఉండాలని, లేవని చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. తెర మీది బిలాన్ని పెద్దది చేసి చూసింది.

"మీ తాత ఒక మాటన్నాడు, మా తాత తోట ఇడిసిపెట్టి పోయినాడు," అంది. "ఇప్పుడు మీరు గూడా ఆ మాట అనేదానికే వచ్చినారా, దొరా?"

ఆ పిలుపు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిలబడే జవాబు చెప్పాను. "ఎవరితోనూ అనలేదమ్మా. ముందు మీ దగ్గరికే వచ్చినాను. నా అనుమానం తప్పయితే ఈడనే కొట్టెయ్యండి."

ఆమె కుర్చీ జరిపి నాకు చోటిచ్చింది.

పరీక్ష సులువైనదే. ఆర్బిటర్ ఆ చోటు మీదుగా రెండుసార్లు వెళ్లింది. ఒకసారి ఎండ తూర్పు నుంచి, ఇంకోసారి పడమర నుంచి. దొంగ చుక్క ఒకసారి పడిన చోటనే మళ్లీ పడదు. రాయి అయితే అక్కడే ఉంటుంది, నీడ మాత్రం పక్క మారుతుంది. ఫిల్టర్ తీసేసి రెండు ఫొటోలను ఒకదాని మీద ఒకటి పెట్టాం. మొదట దొరికిన నల్ల చుక్క ఒక ఫొటోలో తెల్ల చుక్కకు పడమట ఉంది, రెండోదాంట్లో తూర్పున. పక్కనే ఇంకొకటి. దాని కింద మరొకటి. ఎస్తేరు కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టి, తరువాత చెయ్యి ఒళ్లో పెట్టేసుకుంది. బిలం అంచు నుంచి, లాండర్ దిగే చోటు మీదుగా, అవతలి దాకా ఉన్నాయి రాళ్లు.

"మాయమ్మ మామిడిరసం తీసే పల్ప్ ఫ్యాక్టరీలో జల్లెడకాడ పన్జేసింది," అంది మెల్లగా. "రసం నున్నగా రావల్లంటే పీచంతా పోవల్ల. నేనూ అట్లే జల్లించినాను. చుక్కంత ఉండేదాన్నంతా తీసెయ్యమన్నాను. రాళ్లు గూడా చుక్కంతే ఉంటాయని మతికి రాలేదు."

డైరెక్టర్‌కు ఇద్దరి తరఫున నేను చెబుతానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు. మళ్లా మీ నోటితో వద్దు. నాది నేనే చెప్పుకుంటా. మీరు పక్కన నిలబడండి, సాలు."

అలాగే నిలబడ్డాను. డైరెక్టర్ కోపం మనిషి. చోటు మార్చడమంటే నెలల పని మళ్లీ మొదటికి రావడం. నిన్నటిదాకా ఈ ఫొటోలు శుభ్రంగా ఉన్నాయని చెప్పింది మీరే కదా అని గద్దించాడు. శుభ్రంగా ఉన్నందుకే భయంగా ఉందని ఎస్తేరు జవాబిచ్చింది. ఆయన నా వైపు తిరిగి, ఈవిడ లెక్కకు మీరు పూచీ పడతారా అని అడిగాడు. పడతానన్నాను. మా ఇంటి మనిషి మాటకు విలువ ఉందనుకుని ఎవరైనా అడిగి చాలా కాలమైంది. కానీ ఆ క్షణం నాకు గర్వం కలగలేదు. కొత్త చోట కూడా మాకు కనబడనిది ఏదైనా ఉంటే ఎలా అన్న భయమే కలిగింది.

చోటు మారింది. శుభ్రం చేయని ఫొటోలను రెండేసి చొప్పున పోల్చి పటం మళ్లీ గీశాం. లాండర్ దిగే రోజు సాయంత్రం హాల్లో ఎస్తేరు నా పక్క కుర్చీలో కూర్చుంది. లాండర్ ఎత్తు తగ్గుతోందని తెర మీద అంకెలు చెబుతున్నాయి. నా కళ్లకు మాత్రం నల్ల చుక్కలే కనబడుతున్నాయి. ఉన్నట్టుండి సిగ్నల్ ఆగింది. ఎస్తేరు పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, పిక్సెళ్లు లెక్కపెడుతోందో నేను అడగలేదు. సిగ్నల్ తిరిగి వచ్చింది. నాలుగు కాళ్లూ నేల మీద నిలబడ్డాయి. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మేమిద్దరం లేవలేకపోయాం.

కొంతకాలానికి ఆర్బిటర్ ఆ పాత చోటు మీదుగా మళ్లీ వెళ్లింది. ఈసారి పొద్దు బాగా కిందికి వాలి ఉంది. చిన్న రాళ్లకు కూడా పొడవాటి నీడలు సాగాయి. ఆ ఫొటో నాకు పంపి ఎస్తేరు ఫోన్ చేసింది.

"సూసినారా?"

"చూసినాను."

"నాకు ఇప్పుడు కాళ్లు వణకతా ఉండాయి, నాయుడుగారూ."

నావీ వణుకుతున్నాయని చెప్పాను. నా భయం గురించి ఇంకొకరితో అన్న మొదటి మాట అదేనేమో. మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

అప్పటి నుంచి మా కేంద్రంలో ఒక పద్ధతి పెట్టాం. శుభ్రం చేసిన ప్రతి ఫొటోతోపాటు, అందులోంచి తీసేసిన చుక్కల బొమ్మ కూడా విడిగా రావాలి. దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరే ఉంది గానీ, అందరూ ఎస్తేరు పెట్టిన పేరుతోనే పిలుస్తారు. "పీచు పంపినారా?" అని అడుగుతారు. మా తాత ఆ మాట అన్న రోజున ఆయన వినకుండా వదిలేసిన సంగతుల పీచును ఎవరైనా ముందు పెట్టి ఉంటే అని అప్పుడప్పుడు అనుకుంటాను.

నేను ముందు పీచు చూస్తాను, తరువాతే బొమ్మ. చూస్తున్నంతసేపూ గుండెల్లో గుబులుగానే ఉంటుంది. ఆ గుబులు లేకుండా ఒక పటం మీద సంతకం పెట్టిన రోజున ఈ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తాను.