జగదాంబగారి స్నానాలగది

సూర్యప్రకాశరావు జీవితంలో చాలా ఇళ్ళు కట్టాడు. జమీందారు మేడలు కట్టాడు, పూరిపాకలు కట్టాడు, ఒకసారి మూడంతస్తుల కోట కూడా కట్టాడు. ఒక్కదానిలోనూ ఎవరూ కాపరం చెయ్యలేదు. తెనాలిలో సైనుబోర్డులు రాసుకునే కుర్రాడు మద్రాసు వెళ్ళి సినిమా సెట్లు వేసేవాళ్ళ దగ్గర చేరాడు. పరిశ్రమతోపాటే హైదరాబాదు వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో ఓ పాత అపార్టుమెంటు మొదటి అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాడు. తెరమీద తన పేరు ఎప్పుడూ చివర్లో, చిన్న అక్షరాల్లోనే చూసుకున్నాడు. దానికి ఆయనెప్పుడూ బాధపడలేదు.

ఆయన సెట్లో కుళాయి తిప్పితే నీళ్ళొచ్చేవి. గోడ వెనకాల ఒకడు డ్రమ్ము పక్కన నిలబడి గొట్టం పట్టుకునేవాడు. ఆ నీళ్ళు ఎటు పోతాయన్నది ఎవరికీ పట్టేది కాదు. అవి ఎటైనా పోయేలోపు డైరెక్టరు కట్ చెప్పేసేవాడు.

రిటైరైన కొన్నాళ్ళకే భార్య జగదాంబకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తేరుకుంది. కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తోంది. చెయ్యి మాత్రం చెప్పిన మాట వినదు. స్నానం చేయించడానికి షేక్‌పేట నుంచి సాయిసుధ అనే అమ్మాయి రోజూ పొద్దున్నే వచ్చేది. మంచి పిల్ల. నవ్వుతూ, కబుర్లు చెబుతూ నీళ్ళు పోసేది. అయినా జగదాంబ మంచాన పడ్డ దగ్గర్నుంచి దేవుడి దగ్గర దీపం పెట్టడం మానేసింది.

"ఎందుకు మానేశావు?" అని అడిగాడు ఒకరోజు సూర్యప్రకాశరావు.

"ఒకళ్ళ చేత ఒళ్ళు తోమించుకుని వెళ్ళి దేవుడి ముందు కూర్చోబుద్ధి కావట్లేదండీ."

"ఆ పిల్ల ఏమన్నా విసుక్కుంటోందా?"

"రామరామ! దాని చెయ్యి వెన్న. అది కాదు." ఎడంచేత్తో పైట సర్దుకుంది. "తలుపేసుకోవాలని ఉంది నాకు."

ముప్ఫై మంది పనివాళ్ళను అదిలించిన మనిషి ఆ రాత్రి తనే టేపు పట్టుకుని గుమ్మం కొలిచాడు. మర్నాడే స్నానాలగది తిరగకట్టించాలని నిశ్చయించుకున్నాడు. గది గుమ్మంలో జానెడు గట్టు ఉంది, అది దాటలేకే జగదాంబ ఇంకొకరి మీద ఆనుకోవలసి వస్తోంది. ఆ గట్టు తీసెయ్యాలి. కూర్చుని పోసుకోవడానికి అరుగు కట్టాలి, పట్టుకోవడానికి గోడకు కడ్డీలు బిగించాలి. వరలక్ష్మీ వ్రతం నాటికి జగదాంబ తన చేత్తో తాను తలంటుకుని వచ్చి దీపం పెట్టాలి. అదీ ఆయన లెక్క. వ్రతం వచ్చే శుక్రవారమే.

బోరబండ నుంచి అంజయ్య అనే ప్లంబరు వచ్చాడు. గోడ మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టి చూశాడు.

"సారూ, గీ పైపులు బిల్డింగు కట్టినప్పటివి. ఇనుపవి. లోపట మొత్తం తుప్పు. గోడ చెక్కి కొత్తయి ఎయ్యాలె. నీళ్ళు నింపి జర రెండ్రోజులు ఇడిసిపెట్టాలె, యాడన్న కారుతదా సూడాలె. గప్పుడు టైల్సు."

"శుక్రవారానికి కావాలయ్యా."

"గీ శుక్రారమా? లక్ష్మమ్మ ఒక్క శుక్రారమే వస్తదా సారూ? శ్రావణమాసంల ఇంకో శుక్రారం లేదా?"

"ముహూర్తానికి సెట్ అందించకపోవడం అన్నది నా సర్వీసులో లేదు. టైల్స్ చూసుకుందాం. పైపులు లోపల ఉండేవేగా, ఎవరికి కనపడతాయి?"

అంజయ్య తల గోక్కున్నాడు. బంజారా హిల్స్‌లో అతను ఇంకో పని ఒప్పుకుని ఉన్నాడు. ఇక్కడ ఎంత త్వరగా తెమిలితే అతనికీ అంత మంచిది. "మీ ఇష్టం సారూ" అన్నాడు.

పాత పైపులు గోడలోనే ఉండిపోయాయి. వాటికే కొత్త కుళాయి బిగించారు, బరువైనది, అద్దంలా మెరిసేది. అది ఎటువైపు ఉండాలో సూర్యప్రకాశరావు గుమ్మంలో నిలబడి, రెండు చేతులతో కెమెరా చట్రం పట్టి మరీ చూశాడు. కుడి గోడన ఉంటే తలుపు తీయగానే కంటికి ఇంపుగా కనిపిస్తుంది. కుడి గోడనే పెట్టించాడు.

పడకగదిలో, స్నానాలగది గుమ్మం పక్క గోడకు, ఇంటికంతటికీ నీళ్ళు కట్టేసే వాల్వు ఉండేది. తుప్పు పట్టిన చక్రం, ముందుకు పొడుచుకొచ్చి ఉండేది.

"ఇదేమిటయ్యా, దిష్టిబొమ్మలాగా?"

"బందు చేసే వాల్వు సారూ. దాన్ని గట్లనే ఉంచాలె. కావాలంటే చిన్న తలుపు పెడ్త."

"ఆ తలుపూ కనపడుతుంది. చక్రం విప్పేసి, ఈ గోడంతా టైల్స్‌తో కప్పెయ్."

నేల దగ్గర మాత్రం అంజయ్య కాస్త గట్టిగానే నిలబడ్డాడు. "నీళ్ళు మోరీల పడి పోవాలంటే నేలకు వాటం ఉండాలె, జర అటు వాలాలె. గట్టు గూడ తీసేస్తిమి. వాటం లేకుంటే నీళ్ళన్నీ రూంలకు వస్తయ్."

"వాటం ఉంటే ఆవిడ కాలు జారుతుంది. ట్రాలీ మీద కెమెరా పోయినట్టు కుదుపు లేకుండా పోవాలి మనిషి. నీళ్ళదేముంది, తుడిచేస్తే పోతుంది."

నేల తయారయ్యాక ఆయన దానిమీద ఓ గోలీ పెట్టి చూశాడు. గోలీ కదల్లేదు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

గురువారం సాయంత్రం జగదాంబను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. పాలరాతి రంగు టైల్సు, వెండిలా కడ్డీలు, గోడలోంచి వచ్చే మెత్తటి వెలుతురు. జగదాంబ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మో, ఇది హీరోయిన్ బాత్రూమండీ. నేను మేకప్ వేసుకుని రావాలేమో!"

ఆవిడ అలా వేళాకోళమాడి ఎన్నాళ్ళయిందో! తలుపు వెనక చూసి ముఖం చిట్లించింది. "గడియేదీ?"

"ఎందుకొచ్చిన గడియ? ఏమన్నా అయితే?"

"గడియ లేకపోతే అది తలుపెందుకండీ?"

అప్పటికప్పుడు వడ్రంగిని పిలిపించి గడియ పెట్టించాడు.

శుక్రవారం పొద్దున్న సాయిసుధ వచ్చి పీటకు పసుపు రాసి, ముగ్గేసింది. జగదాంబ పట్టుచీర, తువ్వాలు ఎడమ భుజాన వేసుకుని, "ఇవ్వాళ నువ్వు కాఫీ తాగుతూ కూర్చోవే" అని ఆ పిల్లతో చెప్పి, కర్ర గుమ్మం బయటే ఆనించి, కడ్డీలు పట్టుకుని లోపలికి వెళ్ళింది. గడియ పడ్డ చప్పుడైంది. సూర్యప్రకాశరావు మంచం మీద కూర్చుని ఆ చప్పుడు విన్నాడు. తర్వాత నీళ్ళ చప్పుడు. తర్వాత సన్నగా, ఎప్పటిదో కూనిరాగం. ఆయన కళ్ళు చెమర్చాయి.

కూనిరాగం ఆగింది. లోపల ఏదో ఫెళ్ళుమంది.

"ఏవండీ!"

"ఏమైంది జగదా?"

"కుళాయి ఊడొచ్చిందండీ. కుడిచెయ్యి లేవలేదు. కట్టబోయి ఎడంచేత్తో లాగాను. గోడలోంచి నీళ్ళు తన్నుకొస్తున్నాయి."

"అక్కణ్ణుంచి లే. గడియ తియ్యి."

"ఎలా లేవను? కిందంతా సబ్బునీళ్ళు నిలబడ్డాయి. పోవట్లేదు. ఆపండి, ముందు నీళ్ళాపండి!"

తలుపు కిందనుంచి నీళ్ళు పడకగదిలోకి వచ్చాయి. వాటం లేని నేలకు హద్దూ లేదు. నాలుగు దిక్కులకూ సమానంగా పరుచుకున్నాయి. ఆయన గుమ్మం పక్క గోడ దగ్గరికి ఉరికి టైల్స్ తట్టాడు. వాల్వు ఏ టైల్ వెనకాల ఉందో తెలియలేదు. అతుకు కనపడకూడదని పక్కన నిలబడి అతికింపజేసినవాడు ఆయనే. ఒకదాన్ని కర్రతో కొట్టాడు. కర్ర విరిగింది.

"సుధా! పైకి పరిగెత్తు, వాచ్‌మన్‌ను ట్యాంకు దగ్గర కట్టెయ్యమను!"

సాయిసుధ వాచ్‌మన్‌ను పట్టుకుని మేడ మీదికి పరిగెత్తింది. అక్కడ ఎన్నో పైపులు, ఏది ఎవరిదో రాసి లేదు. వాచ్‌మన్ ఒకటి తిప్పాడు. పై అంతస్తు వాళ్ళు నీళ్ళాగిపోయాయని అరిచారు. ఇంకొకటి తిప్పాడు. ఇక్కడ నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"జగదా, తలుపు పగలగొడతాను."

"వద్దు!" ఆ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. "వద్దండీ. చీర తడిసి అటు కొట్టుకుపోయింది. నా ఒంటిమీద ఏమీ లేదు. ఎవరినీ రానివ్వకండి. మీరూ రాకండి."

సూర్యప్రకాశరావు తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. లోపల ఆవిడ వణుకుతున్న ఊపిరి వినిపిస్తోంది. చెయ్యడానికి ఆయనకు ఏమీ కనిపించలేదు.

మేడ మీద సరైన పైపు దొరికినట్టుంది, ఎట్టకేలకు నీళ్ళు సన్నబడి, ఆగాయి. సాయిసుధ ఆయాసపడుతూ దిగొచ్చి, మంచం మీది దుప్పటి లాక్కుంది. వెనకే వచ్చిన వాచ్‌మన్‌తో, "అన్నా, తలుపుకు ఒక్క దెబ్బ కొట్టి నువ్వు అటు తిరుగు. ఇటు మల్లి సూడకు" అంది. ఆయన వైపు తిరిగింది. "సార్, మీరు హాల్లకు పోండ్రి."

"నేను కూడా..."

"అమ్మ వద్దంటున్నది గదా సార్. పోండ్రి."

ఆయన వెళ్ళాడు. తలుపు విరిగిన చప్పుడు హాల్లోంచే విన్నాడు. సాయిసుధ "ఏం కాలె అమ్మా, నేనున్న, ఫికర్ చేయకు" అనడం విన్నాడు. 

ఆ రోజు దీపం సాయిసుధ పెట్టింది. జగదాంబ శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని చూసింది.

సోమవారం అంజయ్య వచ్చాడు. విరిగిన పైపు ముక్క చేత్తో నలిపితే అప్పడంలా పొడి అయింది. "మల్ల మొత్తం కొట్టాలె సారూ, నేలతోని సహా. నేను గప్పుడే..." అనబోయి, ఆయన ముఖం చూసి ఆగాడు. "నేను గూడ జిద్దు పట్టి గట్టిగ చెప్పకపోతి. పోనీండ్రి. ఈసారి పైపులు, వాటం, అన్నీ చేసినంకనే టైల్సు."

సూర్యప్రకాశరావు భార్య దగ్గరికి వెళ్ళాడు. "జగదా, ఈసారి నేనేమీ చెప్పను. వాళ్ళు ఎలా చెయ్యాలంటే అలాగే. ఎన్నాళ్ళు పట్టినా సరే. కుళాయి ఎడమవైపు పెట్టిస్తాను."

"పెట్టించండి. ఇంటికొచ్చేవాళ్ళకు పనికొస్తుంది."

"వచ్చేవాళ్ళకేమిటి? నీకే కదా."

"నాకు సాయిసుధ ఉందిగా."

"తలుపేసుకోవాలని ఉందన్నావు..."

జగదాంబ ఆయన వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. "నన్నింక లోపల ఒక్కదాన్నే ఉండమనకండి" అని, తల అటు తిప్పుకుంది.

స్నానాలగదిలోంచి అంజయ్య కేకేశాడు. "సారూ, కొట్టమంటరా?"

ఆయన జగదాంబ వైపే చూస్తూ నిలబడ్డాడు. లోపల కాస్త ఆగి, సరేనన్నట్టే అనుకుని, అంజయ్య మొదటి దెబ్బ వేశాడు.