పొగపెట్టెకు పంచె కట్టిన లిదియమ్మ

ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో, ఆదివారం ప్రార్థనకు గుడిలో పాట ఎత్తుకోవడం లిదియమ్మ హక్కు. ఎత్తుకోవడం వరకే. చరణానికి చేరేసరికి దగ్గు వచ్చి పాటను లాక్కునేది. నలభై ఏళ్లు చిల్లకంప ముళ్లకట్టెల పొగలో వండిన ఛాతీ మరి. చచ్చేలోగా ఒక్క పాటైనా చివరిదాకా పాడాలని ఆమె కోరిక. దగ్గు కూడా పాటలో భాగమేనని దేవుడికి ఎప్పుడో అలవాటైపోయి ఉంటుందని మొగుడు కొండలయ్య ఎగతాళి.

తొంభై ఆరులో ఆత్మకూరు నుంచి ఒక జీపు వచ్చింది. వంటింటి పొగకూ ఆడవాళ్ల దగ్గుకూ ఉన్న చుట్టరికం తేల్చడానికి స్వీడన్, జపాన్, ఢిల్లీ డాక్టర్లు కలిసి తిరుగుతున్నారట. వాళ్ల మాటలు తెలుగులో చెప్పేది జయపాల్.

"అవ్వా, నీ వంటింటి గాలి ఎంత శుభ్రంగా ఉండాదో ఈ పెట్టె రోజంతా చూస్తాది. దాన్ని బట్టే పొగగొట్టం పొయ్యి ఇస్తారు," అని, లోపల తెల్ల కాగితం ఉన్న పెట్టెను దూలానికి వేలాడదీశాడు.

లిదియమ్మకు అర్థమైంది ఒక్కటే: శుభ్రమైన ఇంటికే పొయ్యి.

జీపు కదలగానే వంటపాక అలికింది. వంటను పెరట్లో మూడు రాళ్ల మీదకు మార్చింది. అయినా నమ్మకం చాలక, కొండలయ్య గుడికి కట్టే పంచె తెచ్చి పెట్టెకు నాలుగు చుట్లు చుట్టింది.

"ఏందే, పెట్టెకు చలేస్తా ఉండాదా?" అన్నాడు కొండలయ్య.

"మసి పడితే స్వీడన్ దాకా తెలిసిపోతాదయ్యా. పరువు బోదా?"

మర్నాడు డాక్టర్లు వచ్చేలోగా పంచె విప్పేసింది. కాగితం మల్లెపువ్వులా ఉంది. స్వీడన్ డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి, మళ్లీ పట్టి చూసింది.

"ఇంత మంచి గాలి వాళ్ల ఊళ్లో కూడా లేదంట," అన్నాడు జయపాల్.

"అయితే పొయ్యి నాదే గదా అబ్బయ్యా!"

"నీకెందుకవ్వా? కాగితం నల్లబడిన ఇళ్లకు గదా ఇచ్చేది!"

కాగితానికి రావాల్సిన నలుపంతా లిదియమ్మ ముఖానికి వచ్చింది.

"ఇన్ని దేశాలు ఏకమై వస్తే ఒక్క పంచెతో ఓడించినావు గదే!" కొండలయ్య నవ్వు ఆగలేదు.

"పెట్టెకు ముసుగేసినాను జయపాలూ. తప్పే. వాళ్లకు చెప్పి, మళ్లీ పెట్టమను."

"లిస్టు ఈ పూటే రాసేస్తారవ్వా. టైం లేదు."

లిదియమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "సరే. వచ్చినోళ్లకు కాఫీ అన్నా పోయనీ," అని ముగ్గురు డాక్టర్లనూ వంటపాకలో పీటల మీద కూర్చోబెట్టి, పొయ్యిలోకి పచ్చి చిల్లకంపలు తోసి ఊదింది.

డికాషన్ మరగకముందే ముగ్గురూ బయటపడ్డారు. ఎవరి ఇంగ్లీషు ఎట్లా ఉన్నా, దగ్గు మాత్రం ముగ్గురూ ఒకే భాషలో దగ్గారు. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ ఏదో అంది.

"పెట్టె అక్కర్లేదంట అవ్వా," జయపాల్ కూడా దగ్గుతూనే చెప్పాడు. "వాళ్లే కొలుచుకున్నారంట."

"అట్లయితే ముందు నా పేరు రాయించు. కాఫీ..."

మిగతా మాట దగ్గులో కొట్టుకుపోయింది. అయితే ఏం, ఈసారి ఆమెకు తోడుగా దగ్గేందుకు నలుగురున్నారు.