బల్బు అలమరాలో కారు

డబ్బా మీద మల్టీమీడియా కిట్ అని ఉందని చదివి వినిపిస్తే, "అయితే అందులో సినిమాలు కూడా వస్తాయేటండీ?" అంది మా ఆవిడ. రావు. అరచేతిలో పట్టే కారు వస్తుంది, అదీ ముక్కలుగా. ఒళ్లు రెసిన్‌తో పోత పోసింది, చక్రాలు అల్యూమినియంవి, టైర్లు రబ్బరువి, ఇంజను తెల్లటి లోహంది. గ్రిల్లు, వైపర్లు, తలుపుల పిడులు పలచటి ఇత్తడి రేకులోంచి బ్లేడుతో కోసి తీసుకోవాలి. ఇన్ని పదార్థాలు కలిశాయి కనక ఆ పేరు. వీటన్నిటినీ కలిపి కారు చెయ్యవలసిన నాకు సొంతంగా ఉన్నది ఒక స్కూటరు.

కిట్ నాదైతే ఇంత కంగారు ఉండేది కాదు. అది మా పక్కింటాయనది. ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు కనక మా దీవుల్లోని ఈ గరాచర్మలో మా వీధంతా ఆయన్ని చీఫ్ గారనే అంటుంది. ఎప్పుడో ఏదో విదేశపు రేవులో కొని, రిటైరయ్యాక తీరిగ్గా చేసుకుందామని దాచుకున్నారట. తీరిక వచ్చేసరికి చేతులు వణకడం మొదలైంది. ఆ కిట్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒక్క ముక్క పాడైనా మరొకటి దొరకదు.

నా ఎలక్ట్రికల్ షాపులో ఫ్యాన్ రెగ్యులేటర్ల పక్కన నేను చేసి పెట్టుకున్న ప్లాస్టిక్ కార్లు రెండు ఉంటాయి. వాటిని చూసి ఒకరోజు చీఫ్ గారు డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టారు.

"తమ్ముడూ, ఇల్లు ఖాళీ చేసి వచ్చే నెల షిప్పుకి వైజాగ్ ఎల్లిపోతన్నాం. ఇది డబ్బాలో అట్టుకెళ్తే ఇంక డబ్బాలోనే ఉండిపోద్ది. బనా దో, చేసిపెట్టు. పూర్తయిన బండిని నా చేత్తో షిప్పెక్కించాలి."

"నా వల్ల అవుతుందంటారా?"

"ఫ్యాన్లు బిగించే చెయ్యి కాదేటి?"

"ఫ్యాను పడితే తల పగులుద్దండీ. ఇది పడితే గుండె పగులుద్ది."

నవ్వి డబ్బా వదిలేసి వెళ్లారు.

కారు పట్టిన రోజు నుంచి కారుమబ్బులే. వానాకాలంలో రంగు కొడితే గాలిలోని తేమ అందులో చిక్కుకుని పైన తెల్లటి మసక కమ్ముతుంది. ముదురెరుపు కొట్టాను. పొద్దున్నకి పౌడరు రాసుకున్నట్టు తయారైంది. నీళ్లకాగితంతో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, రుద్ది మళ్లీ కొట్టాను, మళ్లీ పౌడరు. దానికి తోడు నాకో జబ్బుంది: నునుపైన దాన్ని ఇంకా నునుపు చెయ్యకుండా ఉండలేను. "పెళ్లికూతురికి ముస్తాబయ్యేసరికి పెళ్లివారు షిప్పెక్కేస్తారు" అంది మా ఆవిడ. ఆ మాటకి నవ్వాను గానీ ఆ రాత్రంతా కలలో ఓడ హారను వినపడుతూనే ఉంది.

అప్పుడు నాకు అలమరా గుర్తొచ్చింది. మా దీవుల్లో ప్రతి ఇంట్లోనూ ఒక ఇనప అలమరాలో ఎప్పుడూ బల్బు వెలుగుతూ ఉంటుంది. సర్టిఫికెట్లకీ పట్టుచీరలకీ బూజు పట్టకుండా ఆ వెచ్చదనమే కాపలా. ఈ రోజుల్లో ఫిలమెంటు బల్బు కోసం నా షాపుకి వచ్చేవాళ్లు రెండే రకాలు: కోడిపిల్లల్ని పెంచేవాళ్లు, అలమరాలున్నవాళ్లు. మా అలమరాలో ఉన్నది పదిహేను వాట్లది. అది తీసేసి వంద వాట్లది పెట్టి, మూడోసారి రంగు కొట్టిన కారు ఒంటిని పై అరలో, బల్బు పక్కనే ఉంచి తలుపు వేశాను. పాతికేళ్లుగా బల్బులమ్ముతున్నాను. నా బుర్రలో మాత్రం ఒక్కటీ వెలగలేదు.

పొద్దున్న తలుపు తీస్తే రంగు అద్దంలా ఆరింది. కానీ ఆ వేడికి రెసిన్ మెత్తబడి పైకప్పు కుంగిపోయింది. ముందద్దం రెండు పక్కలా ఉండే సన్నటి స్తంభాలు బయటికి వంగి, కారు ఆవలించి నోరు మూయడం మరిచినట్టుంది.

షిప్పుకి ఇంకా పది రోజులు.

కారుని టిఫిను డబ్బాలో దాచాను. రోజూ పొద్దున్నే చీఫ్ గారు గోడ మీంచి తొంగిచూసేవారు. "తమ్ముడూ, కహా తక్ ఆయా? ఎందాకా వచ్చింది?"

"రంగు ఆరతందండీ."

నాలుగు రోజులు అదే సమాధానం. షిప్పు వాయిదా పడితే దీవుల్లో తిట్టుకోనివాడుండడు. ఈసారి మాత్రం వాయిదా పడితే బాగుండునని రోజూ సముద్రం ఎలా ఉందో కనుక్కున్నవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. సముద్రం నా అవసరం కనిపెట్టినట్టు చాపలా పరుచుకుని కూచుంది.

అయిదో రోజు మా ఆవిడ టిఫిను డబ్బా నా చేతిలో పెట్టి, "ఆరింది చాలు. ఎల్లి చెప్పండి" అంది.

వెళ్లాను. సామాను కట్టేసిన అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నారు. మూత తీసి చూపించాను. కారుని చేతిలోకి తీసుకున్నారు. చెయ్యి వణుకుతోంది, చేతితో పాటు కారూ వణుకుతోంది. కుంగిన కప్పుని బొటనవేలితో తడిమి చూశారు. నేను నేల టైల్స్ లెక్కపెడుతున్నాను.

"అలమరాలో పెట్టావు కదూ?" అన్నారు చివరికి. "ఎన్ని వాట్లు?"

"వందండీ."

"ఏం, షాపులో అంతకంటే పెద్దది లేదా?"

ఆయన వంటింట్లో ఉన్నవాళ్లకి కేకేశారు. "ఓ గిన్నెలో నీళ్లు కాగబెట్టండి! తమ్ముడూ, వేడికి ఒంగింది వేడికే లేస్తది. చేతులు నీవి, ఆర్డరు నాది."

వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే తీసి, బొటనవేళ్లతో కప్పుని లోపల్నుంచి ఎత్తాలి. ఇంజను గదిలో ఉన్నట్టే అరిచారు. "స్లో... ఔర్ థోడా... స్టాప్! అరే, స్టాప్ అంటే స్టాప్ భయ్యా, ఇంకొంచెం కాదు!" వెంటనే చన్నీళ్లలోకి. మూడుసార్లు ముంచి తీశాక కప్పు లేచింది. డ్రైవరు వైపు స్తంభం ఒకటి మాత్రం రవ్వంత వంగే ఉంది. ఇంకోసారి చూద్దామన్నాను. "ఛోడో. ఇంకోసారంటే ఇరుగుద్ది" అన్నారు. నా జబ్బు ఆయనకి ముందే తెలుసు కాబోలు.

ఆ తర్వాత చేతికి ఊపిరాడనివ్వలేదు. అద్దం అంచులు ఆకురాయితో రాకి, స్తంభం వంగిన చోటికి సరిపడేలా కూర్చోబెట్టాను. సీట్లు, ఇంజను, చక్రాలు, గ్రిల్లు ఒక్కొక్కటే ఎక్కాయి. షిప్పుకి ముందురోజు మధ్యాహ్నం మా వరండాలో మిగిలినవి రెండు వైపర్లు. ఒకటి నేను పెట్టాను. రెండోది చీఫ్ గారు అడిగారు.

"ఒక్కటైనా నేను పెట్టాలి కదా."

పట్టకారు ఇచ్చాను. ఆయన ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. పట్టకారు అద్దం దాకా వెళ్లింది, వణికింది. టిక్ మని ఇత్తడి వైపరు ఎగిరింది. ఇద్దరం మోకాళ్ల మీద వరండా అంతా వెతికాం. దొరకలేదు. ఆయన లేచి, మోకాళ్లు దులుపుకుని, కారుని ఒళ్లో పెట్టుకుని ఒక చక్రాన్ని వేలితో తిప్పి చూశారు. "చలేగా, నడుస్తది" అన్నారు.

మర్నాడు హడ్డో జెట్టీలో పెట్టెలన్నీ మేం మోశాం. కారు డబ్బా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. గుండెకి ఆనించుకుని మెట్లెక్కారు. షిప్పు కదిలిన గంటకి వాన మొదలైంది. ఇంట్లో కూర్చుని, ఒక్క వైపరుతో ఆ కారు ఎలా వెళుతుందా అని నేను నిజంగానే బెంగపడ్డాను.

వారం తర్వాత నా లుంగీ అంచు మడతలోంచి వైపరు రాలింది. వెంటనే ఫోన్ చేశాను.

"దొరికిందండీ! పోస్టులో పంపనా?"

"ఒద్దు, పోస్టులో నలిగిపోద్ది. నువ్వే అట్టుకురా. అందాకా వానొస్తే ఆ పక్క నేను తుడుచుకుంటాలే."

ఇప్పుడది అగ్గిపెట్టెలో, దూదిలో, అలమరాలో ఉంది. కింది అరలో. బల్బు పదిహేను వాట్లదే. అయినా వాన గట్టిగా పట్టినప్పుడల్లా ఒకసారి తలుపు తీసి చూసుకుంటాను.