షెడ్డులో పూనకం

డెబ్బైల చివర్లో మేము ఫలక్‌నుమాలో ఉండేవాళ్ళం. కొత్త స్కూటర్ కోసం వాకిట్లో రేకుల షెడ్డు వేయించి, ఇంట్లోంచి దానికి కరెంటు వైరు నేనే లాగాను.

"పని తెల్సినోళ్ళను పిలుస్తె అయిపాయె గద" అంది మా ఆవిడ లక్ష్మి. నేను వినలేదు. రేకుకు బెజ్జం కొట్టి, పైపు తొడగకుండానే వైరు దూర్చాను. రేకు అంచు వైరు పైతొడుగును కోసేసిందని తర్వాత తెలిసింది.

దసరా పొద్దున షెడ్డు కడుగుతూ లక్ష్మి, "చీకటిగుంది, జర లైటెయ్యుండ్రి" అంది. అందరి ముందు వేయాలని నా ఆశ. "పూజప్పుడేస్తా" అన్నాను.

ఇరుగుపొరుగు వచ్చాక దర్జాగా ఇంట్లో ఉన్న స్విచ్చి వేసి వచ్చి, చెప్పులు విడిచి, తడి నేల మీద నిలబడి రేకు తలుపు పట్టుకున్నాను. చెయ్యి అతుక్కుపోయింది. ఒళ్ళంతా ఊగిపోతోంది, కేక తప్ప మాట రావడం లేదు.

పక్కింటి మల్లమ్మత్త చేతులు జోడించింది. "అమ్మవారొచ్చింది. ఏం తప్పు జేసినం తల్లీ?"

"ఈయనకు అమ్మవారేంది అత్తా, అది కరెంటు" అంటూ లక్ష్మి ఉరికి మెయిన్ ఆపేసింది.

కిందపడ్డ నన్ను చూసి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పొద్దున ఆమె అడగ్గానే లైటు వేసుంటే? నా డాబే ఆమె ప్రాణం కాపాడిందని తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.