ఎడమకు గుంజిన బండి

మా కాలనీలో చెప్పుకునేది అబద్ధం. వారంటీ అయిపోయిన ఆటల మిషన్‌ను నేను ఒట్టి నోటితో గెలిచి, పైసా కట్టకుండా బాగు చేయించుకున్నానట. ఫోన్‌లో నా అరుపులకు అటువైపు ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. లేచింది నేను చూశానా, వాళ్ళు చూశారా? అయినా ఏ పెళ్ళి పందిట్లోనో, బతుకమ్మ పేర్చేచోటనో ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుతారు. "అక్కది నోరు కాదే, డిటోనేటరు" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వి ఇంటికొచ్చి గిన్నెల మీద, మా ఆయన మీద, టీవీలో వార్తలు చదివే మనిషి మీద అరుస్తాను.

నా నోరు గెలవలేదు. మూసుకుంది. మూసుకున్నందుకే మిషన్ బాగైంది. ఇన్నేళ్ళుగా ఈ మాట గొంతులో బొగ్గు పెళ్ళలా అడ్డం పడి ఉంది, మింగితే దిగదు, కక్కితే రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మిషన్ అంటే చేతుల్లో పట్టుకుని ఆడేది. మధ్యలో తెర, రెండు పక్కలా బొటనవేలితో తిప్పే చిన్న పుల్లలు. మా అమ్మాయి ఉద్యోగానికి పోతూ ఇంట్లో వదిలేసింది. ఆడేది నేనే. నవ్వుకుంటే నవ్వుకోండి. డిగ్రీ చదివి, మొగుడి షిఫ్టు మారినప్పుడల్లా నిద్రా వంటా మార్చుకుంటూ బతికిన మనిషికి మధ్యాహ్నం పూట తెర మీద కొండ దారిలో కారు తోలే హక్కు లేదా? స్కూటీ కూడా రాదు నాకు. ఆ కారు వచ్చింది.

మా లైనులోనే ఇంకొకరి దగ్గర అదే మిషన్ ఉండేది. ఆయనను ఓదెలు అంటాను, అసలు పేరు అది కాదు. బొగ్గుబాయిలో పైకప్పు కూలి నడుము విరిగింది, కాళ్ళు పడిపోయాయి. ఆయన ఉద్యోగం భార్య స్వరూపకు ఇచ్చారు. ఆమె డ్యూటీకి పోతే ఇంట్లో ఒక్కడే ఉంటాడని పాత షిఫ్టు వాళ్ళంతా కలిసి ఆ మిషన్ కొనిచ్చారు. పొద్దున్నే చేతులతో తొక్కే మూడు చక్రాల బండి మీద చౌరస్తాకు పోయేవాడు. చాయ్ తాగి, అన్ని యూనియన్లనూ సమానంగా తిట్టి, వచ్చి కారు తోలేవాడు. మా ఇద్దరికీ పందెం. ఎప్పుడూ ఆయనే ముందు దిగేవాడు ఘాటు రోడ్డు. "కాళ్ళున్నోళ్ళకు బ్రేకు మీద ఆశ ఎక్కువుంటదక్కా" అని వాకిట్లోంచి అరిచేవాడు. అట్లాంటి మనిషి.

నా మిషన్‌కు రోగం వచ్చింది. కారును ఒకసారి ఎడమకు తిప్పితే మళ్ళీ తిన్నగా రాదు. మొదట నా వేలే అనుకున్నాను, సిగ్గుపడి ఓదెలుకు కూడా చెప్పలేదు. వయసు, నరాలు, ఇంకేవో ఊహించుకున్నాను. సెలవుల్లో వచ్చిన మా అమ్మాయి చేతిలో పెడితే దానికీ కారు లోయలో పడింది. హమ్మయ్య, తప్పు నాది కాదు. ఆ హమ్మయ్య ఎంత గొప్పదో నాకు తెలుసు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తెలిసి కూడా చేశాను నేను.

మిషన్ తయారుచేసిన వాళ్ళకు ఫోన్ చేశాను. వారంటీ అయిపోయిందన్నారు. పైగా మీది బొగ్గు ఊరు కదా మేడమ్, దుమ్ము పోయి ఉంటుంది, అది వాడకంలో మీరు చేసుకున్న నష్టం అన్నారు. ఒళ్ళు మండిపోయింది. మా దుమ్ము మాకు తెలుసు. తెల్ల చీర ఆరేస్తే బూడిద చీర తీసుకునేవాళ్ళం మేము. కానీ నువ్వు కూర్చున్న గది చల్లగా ఉన్నది ఆ దుమ్ము వల్లనే కదరా? మా బొగ్గు కాలిస్తే వచ్చే కరెంటు కావాలి, మా దుమ్ము మాత్రం మా తప్పా? ఈ మాటలన్నీ ఫోన్‌లో అన్నాను. అక్కడిదాకా కాలనీ చెప్పుకునేది నిజమే. తయారీలోనే ఉన్న లోపానికి వారంటీ గడువేంటని అడిగాను. దుమ్ము వల్లనే అని రాసి సంతకం పెట్టి పంపమన్నాను. వినియోగదారుల ఫోరానికి పోతానన్నాను. వాళ్ళ పేజీలో పోస్టు పెడితే, బొగ్గు మొహమే చూడని ఊళ్ళవాళ్ళు కింద రాశారు: మాకూ ఎడమకే గుంజుతోంది అని.

అప్పుడు పెద్దాయన ఎవరో ఫోన్ చేశాడు. మెత్తటి గొంతు. ఆ మోడల్‌లో ఆ ముక్క మొదటి నుంచీ బాగాలేదని, మాకూ తెలుసని చెప్పాడు. వేరే ముక్క వేసి పంపుతాం, ఖర్చు మాది, కానీ ఇది మీ ఒక్కరికే మేడమ్, పోస్టు తీసేయండి, ఊళ్ళో ఎవరికీ చెప్పకండి, అక్కడి నుంచి ఇంకో కేసు వస్తే మీది కూడా ఆగిపోతుంది అన్నాడు.

సరే అన్నాను. ఇంత నోరున్న మనిషిని, ఒక్క ముక్క వాదించకుండా సరే అన్నాను. ఎందుకు? మిషన్ పోతుందన్న భయమా? అది ఒక సాకు. మీ ఒక్కరికే అన్న మాట ఉంది చూడండి, అది బెల్లం. నా జన్మలో ఎవరూ నాకు ఒక్కదానికే అని ఏదీ ఇవ్వలేదు. క్వార్టరైనా, నీళ్ళైనా, దసరాకు లాభాల వాటా అయినా అందరితో పాటే వచ్చాయి, కొట్లాడితేనే వచ్చాయి. ఒంటరిగా గెలిచిన రుచి మొదటిసారి తగిలింది. దాన్ని ఉమ్మేయాలనిపించలేదు.

మిషన్ ఇంకా వాళ్ళ దగ్గరే ఉండగా ఓదెలు బండి తొక్కుకుంటూ మా గేటు దాకా వచ్చాడు. నేను మిరపకాయలు ఆరబోస్తున్నాను. ఆ రోజు నవ్వులాట లేదు.

"అక్కా, ఒక మాట అడుగుత. నిజం చెప్పాలె."

"అడుగు తమ్మీ."

"నీ మిషన్ రిపేరుకు పోయిందట గద. ఏమైంది దానికి? బండి ఎడమకు గుంజేదా?"

మిరపకాయల మీదికి వంగాను. "లేదు తమ్మీ. మాది ఆన్ కానే కాలేదు. బ్యాటరీ పోయిందట."

"ఎడమకు తిప్పినంక మళ్ళ తిన్నగ రాకపోవుడు... గట్లేం లేదా?"

"గట్లేం లేదు."

ఆయన ఎడమ చెయ్యి ఎత్తి, బొటనవేలు ముడిచి, చాచి చూసుకున్నాడు. "అయితే మిషన్ కాదు. నా చెయ్యే. నడుము దెబ్బ పైకి గూడ ఎక్కొచ్చని దవాఖానల అప్పుడే అన్నరు. వేలు తీసిన్నో తియ్యలేదో నాకే సమజైతలేదు." ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నువ్వైతే ఉన్నది ఉన్నట్టు మొఖం మీద చెప్తవని అడిగిన. స్వరూపకు చెప్పకక్కా, ఫికర్ చేస్తది."

బండి తిప్పుకుని పోయాడు. ఆ చెయ్యితోనే తిప్పాడు. చక్కగా తిరిగింది. అది చూసి కూడా పిలవలేదు నేను.

బొగ్గుబాయిలో ఒక పద్ధతి ఉంది. పైకప్పును కడ్డీతో తట్టి చూస్తారు. ఎక్కడైనా గుల్లగా పలికితే అది కూలే చోటు. షిఫ్టు అయిపోయి పైకి వచ్చేవాడు లోపలికి దిగేవాడికి ఆ చోటు చెప్పకుండా రాడు. పగవాడైనా సరే చెప్పాలి. మా ఆయన వారం రోజులుగా మాట్లాడని మనిషితో కూడా ఆ ఒక్క మాట మాట్లాడి వచ్చేవాడు. వచ్చి నాకు చెప్పేవాడు, నేను శభాష్ అనేదాన్ని. మరి నేనేం చేశాను? ఎక్కడ గుల్లగా ఉందో తెలిసి, దిగుతున్న మనిషికి దారి ఇచ్చి పక్కకు జరిగాను. అదీ ఒకసారి పైకప్పు కూలిన మనిషికి.

నా మిషన్ వచ్చింది. కారు తిన్నగా పోతోంది. ఆ రోజైనా చెప్పొచ్చు. కానీ అప్పటికే నా నోటి కథ కాలనీ అంతా తిరిగింది. వేరే లైన్లలో అదే మిషన్ ఉన్న ఇంకో రెండిళ్ళవాళ్ళు ఫోన్ చేసి, దుమ్ము అనిపించుకుని, అక్క లెక్క మాకు నోరు లేదని ఊరుకున్నారు. చెబితే మిషన్ గురించి మాత్రమే చెప్పినట్టు కాదు, ఓదెలు కళ్ళలోకి చూడకుండా అబద్ధమాడానని కూడా చెప్పాలి. రేపు అనుకున్నాను. రేపటికి ఇంకా కష్టమైంది.

ఈలోగా ఆయన మిషన్‌ను గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టించాడు. చౌరస్తాకు పోవడం మానేశాడు, రోడ్డు మీద చెయ్యి మోసం చేస్తే లారీ కింద పడతానని. చివరికి స్వరూపకు తెలిసి హైదరాబాద్ తీసుకుపోయింది. డాక్టర్లు చేతికి ఏమీ లేదన్నారు. ఆయన నమ్మలేదు. కాళ్ళప్పుడు కూడా అంతా మంచిగైతది అనే అన్నారట కదా. డాక్టర్ల మాట నమ్మలేదు, నా మాట నమ్మాడు! తర్వాత స్వరూపకు శ్రీరాంపూర్ బదిలీ అయి వెళ్ళిపోయారు. మూడు చక్రాల బండి గోడకు ఆనించి వదిలేసి పోయారు. దాని మీద ఇప్పుడు ఎవరో పిడకలు పెడుతున్నారు.

ఆ మెత్తటి గొంతు మీద నాకు ఈ రోజుకీ మంటే. ముక్క బాగాలేదని తెలిసినవాడివి, అరిచినవాళ్ళకు బెల్లం పెట్టి, అరవనివాళ్ళకు దుమ్ము అని చెప్పినవాడివి నువ్వు. కానీ ఓదెలు నిన్ను అడగలేదు. నన్ను అడిగాడు. ఈ ఒక్కచోట నా వాదన ఆగిపోతుంది, ఎటు తిప్పినా మళ్ళీ నా వైపే గుంజుతుంది.

మొన్న ఒక పెళ్ళిలో స్వరూప కలిసింది. ఎట్లున్నడు అని అడిగాను. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడట, చాయ్ గ్లాసు కూడా పట్టడట, వాడక వాడక అది నిజంగానే సన్నబడిందట. మా అక్కను అడిగినట్టు చెప్పు అన్నాడట. పక్కనే ఎవరో నా ఫోన్ కథ ఎత్తారు. అందరూ నవ్వారు. ఆ రోజు నేను నవ్వలేకపోయాను, చెప్పనూ లేకపోయాను. ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. మీకు చెబితే ఆయనకు చెప్పినట్టు కాదు, తెలుసు. అయినా గొంతులో పెళ్ళ కొంచెం జరిగింది. అంతే.

ఒక్కటి మాత్రం అర్థం కాదు. లైను ఆ చివరి దాకా వినబడే నా గొంతు ఓదెలుకు తెలుసు. ఉప్పు అడిగినా అరిచే అడిగేదాన్ని. ఆ రోజు మిరపకాయలకు చెప్పినట్టు, తల ఎత్తకుండా, మెల్లగా చెప్పాను. జన్మలో ఎన్నడూ అంత మెల్లగా మాట్లాడలేదు. ఓదెలూ, నా గొంతు తెలిసినోనివి, నువ్వెట్ల నమ్మినవ్?