టార్చి పట్టిన లోవలక్ష్మి

మా పెద్ద సర్జన్ గారిది ఒకటే పట్టు అండి. "కొయ్యడం ఎవరైనా నేర్పుతారు. ముందు ఆ జబ్బు ఎందుకొస్తోందో వెతకడం నేర్చుకోండి" అని, ఆపరేషన్లు నేర్చుకోడానికొచ్చిన పీజీ డాక్టర్లని ఏడాదిపాటు కత్తి ముట్టుకోనివ్వకుండా ఊళ్ళమీదకి పంపేస్తారు. తీసుకెళ్ళేది నేనే. నా పేరు తాతాజీ, జీపు డ్రైవర్ని.

ఆ ఏడు హారతిగారి వంతు. పాలకొల్లు పిల్ల, చలాకీ. సముద్రపొడ్డు పల్లెల్లో ఆడవాళ్ళ అంగిలి చూడ్డం ఆవిడ పని. అక్కడ వయసు మళ్ళినవాళ్ళకి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటారు. అంగిలి కాలి కాలి మచ్చలు పడతాయి. వాటిలో ఏ మచ్చ కాన్సరవుతుందో, ఎన్నాళ్ళకవుతుందో తేల్చాలని పరిశోధన.

మొదటి రోజు ఒక్కర్తీ నోరు తెరవలేదు. కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. అప్పుడొచ్చింది లోవలక్ష్మి. మొగుడు పోయాక పాతికేళ్ళు గంప నెత్తినెట్టుకుని చేపలమ్మి, కూతుర్ని పెంచిన మనిషి. నోరు మహా పెద్దది. "ఏంటే, మీ నోట్లో పులస చేప ఉందని పట్టుకుపోతుందా డాక్టరమ్మ? తెరవండి!" అని గదిమింది. దెబ్బకి తెరిచారు. ఆ రోజునుంచి టార్చి ఆవిడ చేతిలోనే. ఆవిడ వెలుగు వేస్తే హారతిగారు చూసి రాసుకునేవారు.

ప్రతి ఇంట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే. "కారం తింటే నోరు మండుతోందా అమ్మా?" ఎనిమిది నెలలు విని విని నాకు కంఠతా వచ్చేసింది.

ఇక నా పాపం చెప్తాను. మధ్యాహ్నం ముగ్గురం జీపు నీడన తినేవాళ్ళం. మొదట్లో ఎండుచేపల పులుసులో ఆవకాయ నంజుకున్న లోవలక్ష్మి, వానలు పడేసరికి మజ్జిగన్నంలోకి దిగింది. "ఏంటండీ లోవలక్ష్మిగారూ, పథ్యమా?" అంటే "మొక్కు బాబూ" అంది. దసరాకి మజ్జిగలో మిరపకాయ ముక్క కూడా ఏరి పారేసేది. చూశాను. చూసి ఊరుకున్నాను. నా బుద్ధికి తెగులు పట్టిందండి! మా ఎదుట ఆవిడెప్పుడూ చుట్ట ముట్టలేదు మరి. గదమడం కూడా మానేసింది. ఎవరి నోట్లోనో టార్చి వేసి, తను తల పక్కకి తిప్పేసుకునేది.

రెండొందల పదమూడో నోరు చూశాక, "ఇక్కడికి అయిపోయింది" అని హారతిగారు కాగితాలు సర్దుతున్నారు. ఇంక నావల్ల కాలేదు.

"డాక్టరుగారూ, అందర్నీ అడిగారు. ఈవిడని అడిగారా?"

హారతిగారు ఆవిడ చేతిలోంచి టార్చి లాక్కున్నారు. లోవలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుంది, మొదటి రోజు ఆ ఆడవాళ్ళలాగే. తరవాత తనే తీసి నోరు తెరిచింది. హారతిగారు టార్చి వేసి అంగిలంతా చూశారు.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"మొదటింట్లో సుబ్బాయమ్మ నోట్లో మచ్చ చూపించారు కదమ్మా. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాను. అప్పటికే ఉంది."

"మరి చెప్పలేదేం?"

"బోణీ చెడితే ఆ పూటంతా గంప ఖాళీ అవ్వదమ్మా. మీ బోణీ నేనైతే, నన్ను చూసి హడిలిపోయి ఇంకెవరు తెరుస్తారు? అందరివీ అయ్యాక చూపిద్దామనుకున్నాను."

ఆ డాక్టరు పిల్ల లోవలక్ష్మి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్ద సర్జన్ గారే ఆపరేషన్ చేశారు. అప్పటికే ఎముకలోకి పాకిపోయిందన్నారు. ఆ వేసవి దాటలేదు లోవలక్ష్మి.

ఇప్పుడు మాకో పద్ధతుంది, హారతిగారు పెట్టిందే. కొత్త పీజీ ఎవరొచ్చినా ముందు టార్చి పట్టేవాళ్ళ నోరు చూడాలి, తరవాత డ్రైవరుది. బోణీ మాదే. ఈ ఏడు టార్చి పట్టింది లోవలక్ష్మి కూతురు, చిన్నమ్మాయని పేరు. జూన్‌లో చూశారు, నోరు శుభ్రంగా ఉంది. అడ్డపొగ జోలికి పోనని తల్లి ఫొటో మీద ఒట్టు కూడా వేసింది.

నిన్న మధ్యాహ్నం జీపు నీడన తింటున్నాం. చిన్నమ్మాయి పులుసు పక్కకి నెట్టి, అన్నంలో మజ్జిగ పోసుకుంది.

"ఏంటమ్మా?" అన్నాను.

"ఏం లేదు మావయ్యా. మొక్కు."

ఈసారి ఊరుకోలేదండి. ఎంగిలి చేత్తోనే టార్చి తీసి కొత్త డాక్టరుగారి చేతిలో పెట్టాను.